రాయి చెక్కే చేయి, దుమ్ము పీల్చే ఊపిరి

కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డ దగ్గరపడేసరికి రోడ్డు పక్కన దేవుళ్లు కనిపిస్తారు. ఇంకా కళ్లు తెరవని నరసింహస్వాములు, తొండం వరకే తేలిన వినాయకులు, వీపు మాత్రమే నున్నగా తీర్చిన నందులు. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది, దేశదేశాల్లో పేరుంది. ఇక్కడ చెప్పబోయేది మాత్రం ఆ విగ్రహాల గురించి కాదు, వాటిని చెక్కే ఒంటి గురించి.

తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో పిల్లలు నాలుగు పేర్లు వల్లె వేస్తారు: ఉపకళా కణజాలం, సంయోజక కణజాలం, కండర కణజాలం, నాడీ కణజాలం. ఒకే రకం పని చేసే కణాల సమూహం కణజాలమనీ, కొన్ని కణజాలాలు కలిసి ఒక పనికి పూనుకుంటే అది అవయవమనీ రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ పాఠాన్ని ఒక శిల్పి చేతినీ ఛాతీనీ ఎదురుగా పెట్టుకుని చదివితే వల్లె వేయాల్సిన పని ఉండదు. పైగా ఒక పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. ముప్పై ఏళ్ల రాతిపని చేతిని అంత గట్టిగా తయారుచేస్తుంది కదా, అదే ముప్పై ఏళ్ల పని ఊపిరితిత్తిని ఎందుకు పాడుచేస్తుంది?

చేతులు కాయలు ఎందుకు కాస్తాయి?

కొత్తగా పనిలో చేరిన పిల్లవాడికి మొదటి వారంలోనే అరచేతిలో బొబ్బలు లేస్తాయి. ఏళ్ల తరబడి సుత్తి పట్టిన పెద్దాయన చేతిలో అదే చోట కాయలుంటాయి. "తాతా, నీ చెయ్యి ఇంత గట్టిగా ఎట్లయింది?" అని పిల్లవాడు అడిగితే, "నీదీ అయితుందిలే నాయనా, తొందరేముంది" అంటాడాయన. ఆయన మాట అక్షరాలా శాస్త్రమే. ఒరిపిడి ఒకటే, తేడా అంతా తొందరలో ఉంది.

చర్మం పైపొర ఉపకళా కణజాలం. కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, వరస మీద వరసగా ఉంటాయి. మధ్యలో సందు ఉండదు, రక్తనాళాలూ ఉండవు. అడుగు వరసలోని కణాలు ఎడతెగకుండా విభజన చెందుతూ కొత్తవాటిని పుట్టిస్తుంటాయి. పుట్టిన కణం పైకి జరుగుతూ కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్‌ను ఒంటినిండా నింపుకుంటుంది, పైకి చేరేసరికి చచ్చిపోతుంది, చివరకు పొట్టుగా రాలిపోతుంది. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది.

ఒరిపిడి ఒక్కసారిగా మీదపడితే ఈ వరసలకు తట్టుకునే వ్యవధి ఉండదు. లోపలి కణాల మధ్య అతుకులు తెగి, ఆ చీలికలోకి నీరు ఊరుతుంది. అదే బొబ్బ. ఒరిపిడి రోజూ కొంచెం కొంచెంగా తగిలితే అడుగు కణాలు విభజన వేగం పెంచుతాయి, పైన చచ్చిన కణాల పొర రాలిపోయే దానికన్నా ఎక్కువగా పేరుకుంటుంది. అదే కాయ. దాన్ని పైపైన గోకినా నొప్పి లేదు, రక్తం రాదు. అక్కడ ప్రాణమున్న కణం లేదు మరి. పని మానేసి కొన్ని నెలలు ఊరికే ఉంటే కాయ దానంతటదే పలుచబడుతుంది. ఒంటికి అవసరం లేని మందాన్ని చర్మం మోయదు.

వేళ్లను ఆడించే కండ ఎక్కడుంది?

ఎడమచేత్తో కుడి ముంజేతిని, మోచేతికి నాలుగు వేళ్లు కిందగా గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా ముడవండి, చాచండి. ఎడమ అరచేతి కింద కండ పొర్లడం స్పష్టంగా తెలుస్తుంది. ముడిచింది వేలు, కదిలింది ముంజేయి. వేళ్లలో వాటిని ఆడించే కండరాలే లేవు. ఉలిని బిగించి పట్టుకునే బలం ఎక్కువగా ముంజేతిలో పుడుతుంది. అది కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనాల ద్వారా మణికట్టు దాటి వేళ్ల ఎముకలకు చేరుతుంది. మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంది. అందులోంచి తొమ్మిది స్నాయుబంధనాలూ ఒక నాడీ వెళ్తాయి. బిగపట్టే పని ఎక్కువై ఆ దారిలో వాపు వస్తే మొదట నలిగేది నాడి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే.

కండర కణజాలం లాగగలదు, తోయలేదు. అందుకే సుత్తి ఎత్తడానికి ఒక కండరం, దించడానికి దాని ఎదుటి కండరం కావాలి. కండర కణంలో మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఆక్టిన్ పోగులను పట్టి లాగుతాయి. ప్రతి లాగుడుకీ ఏటీపీ అనే అణువు ఖర్చవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ విషయంలో ప్రపంచానికి చేసిన మేలు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో గుర్తించారు. ఏటీపీని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు. సుత్తి ఎత్తిన మొదటి కొన్ని సెకన్లలో ఖర్చయిన ఏటీపీని వెంటవెంటనే భర్తీ చేసేది ఫాస్ఫోక్రియాటినే. తర్వాతి బరువు ఊపిరి తెచ్చే ఆక్సిజన్ మీద పడుతుంది.

ఎముక కూడా చూస్తూ ఊరుకోదు. బయటికి రాయిలా కనిపించినా అది సంయోజక కణజాలం, అందులో బతికి ఉన్న కణాలున్నాయి. ఒక జాతి కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే మరో జాతి కొత్తది కడుతుంటుంది. బరువు ఎక్కడ ఎక్కువ పడితే అక్కడ ఎక్కువగా కడతాయని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో రాశాడు. టెన్నిస్ ఆటగాళ్ల ఆడే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా మందంగా ఉంటుందని తర్వాతి కాలంలో కొలిచి చూపించారు. సుత్తి చేతికి వేరే న్యాయం ఉండదు.

సుత్తి దెబ్బ ఒకటే అయితే నొప్పి రెండుసార్లు ఎందుకు?

గురి తప్పి సుత్తి బొటనవేలి మీద పడితే ముందు చురుక్కున ఒక నొప్పి. చేయి వెనక్కి లాక్కుని, "అబ్బా" అనేలోపు రెండోది మొదలవుతుంది. అది మొద్దుగా, సలుపుతూ, ఎంతకీ పోకుండా ఉంటుంది.

వేలికొస నుంచి బయలుదేరిన కబురు రెండు రకాల నాడీతంతువుల్లో ప్రయాణిస్తుంది. ఒక రకానికి కొవ్వుతో నిండిన పలుచని తొడుగు ఉంది, అందులో కబురు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. రెండో రకానికి ఆ తొడుగు లేదు, వేగం సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. వేలి నుంచి వెన్నుపాము దాకా ఉన్న దూరం సుమారు మీటరు. కాబట్టి రెండో కబురు చేరడానికి ఒక సెకను పడుతుంది. చురుక్కుమన్నది చేయి లాక్కోవడానికి, సలిపేది ఆ చేతిని కొంతసేపు కదపకుండా ఉంచుకోవడానికి.

దెబ్బ తగిలిన చోటు రుద్దితే హాయిగా ఎందుకుంటుంది? స్పర్శను మోసే తంతువులు ఇంకా వేగమైనవి. అవి వెన్నుపాములో నొప్పి కబురు పైకి పోకుండా కొంత అడ్డుకుంటాయి. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతి వివరించారు. అమ్మలు అంతకుముందు నుంచే రుద్దుతున్నారు.

రాతిపెళ్ల కోసిన గాయం ఎలా పూడుతుంది?

ముందు రక్తం గడ్డకడుతుంది. రక్తం కూడా సంయోజక కణజాలమే అంటే పిల్లలు ఆశ్చర్యపోతారు. సంయోజక కణజాలంలో కణాలు దూరదూరంగా ఉంటాయి, మధ్యలో వేరే పదార్థం ఉంటుంది. ఎముకలో ఆ పదార్థం గట్టిది, రక్తంలో ద్రవం. ఈ లెక్కన రెండూ ఒక ఇంటి బిడ్డలే.

గడ్డకట్టాక తెల్లరక్తకణాలు వచ్చి చెత్త ఊడ్చేస్తాయి. ఆ తర్వాత తంతుకణాలు అనేవి వచ్చి కొల్లాజెన్‌ను అల్లడం మొదలుపెడతాయి. ఈ కొల్లాజెన్ దగ్గర కాస్త ఆగాలి, అసలు కథంతా దీనిదే. మన ఒంట్లోని ప్రోటీన్లలో సుమారు మూడో వంతు ఇదే. స్నాయుబంధనానికి బలం, ఎముకకు పెళుసుదనం లేని గట్టితనం, చర్మానికి బిగువు దీనివల్లనే. మూడు పొడవైన గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండే దీని నిర్మాణాన్ని మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954, 55లలో వెల్లడించారు. ఆ గొలుసులు గట్టిగా పట్టుకుని ఉండాలంటే విటమిన్ సి కావాలి. అది బొత్తిగా లేకపోతే పాత గాయాలు కూడా తిరగబెడతాయి. పక్కనే నల్లమలలో కాసే ఉసిరికాయలో అది పుష్కలంగా ఉంది.

కొల్లాజెన్‌తో అల్లిన మచ్చ పాత చర్మమంత బలంగా ఎన్నటికీ కాదు, చాలావరకు నూటికి 80 వంతుల దగ్గర ఆగిపోతుంది. అయినా చేతికి అది చాలు. గాయం మూసుకుంది, పట్టు నిలబడింది, మర్నాడు కాకపోతే ఆ మర్నాడు పని సాగుతుంది.

మరి ఊపిరితిత్తిలో ఏమవుతుంది?

ఊపిరితిత్తి అవయవం అనే మాటకు మంచి ఉదాహరణ. నాలుగు కణజాలాలూ ఇందులో ఉన్నాయి. గాలి గొట్టాల లోపలి పూత ఉపకళ. గొట్టాల చుట్టూ మన ప్రమేయం లేకుండా బిగుసుకునే నునుపు కండరం. సాగి మళ్లీ ముడుచుకునే తంతువులు సంయోజక కణజాలం. దగ్గు తెప్పించేవి నాడులు. గొట్టాలు చీలి చీలి చివరకు వాయుగోణులు అనే చిన్న చిన్న గదులుగా ముగుస్తాయి. అవి 30 కోట్లకు పైనే ఉంటాయి. అన్నింటి గోడలనూ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 80 గజాలు దాటుతుంది. ఒళ్లంతా కప్పిన చర్మం రెండు చదరపు మీటర్లకు మించదు. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ మందం చాలాచోట్ల ఒక మైక్రాన్ కూడా ఉండదు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత పలుచని గోడ కాబట్టే ఆక్సిజన్ రెప్పపాటులో రక్తంలోకి దూకగలుగుతుంది.

దుమ్మును ఆపడానికి ఒంటికి వరసగా ఏర్పాట్లున్నాయి. పది మైక్రాన్లకు మించిన రేణువులు చాలావరకు ముక్కులోనే అంటుకుంటాయి. సాయంత్రం ముక్కు చీదితే నల్లగానో తెల్లగానో వచ్చేది అదే. అక్కడ తప్పించుకున్నవి గొట్టాల గోడల మీది జిగురులో చిక్కుతాయి. ఆ గోడ కణాలకు సన్నని కేశాలుంటాయి, సెకనుకు పది పదిహేనుసార్లు ఒకే దిక్కుకు కొట్టుకుంటూ జిగురును గొంతు వైపు నెడతాయి. కుందూ ఒడ్డున వరిచేను గాలికి ఊగుతుంటే అల ఒక గట్టు నుంచి రెండో గట్టుకు సాగిపోతుంది చూశారా, సూక్ష్మదర్శినిలో ఆ కేశాల కదలిక అలాగే ఉంటుంది. బీడీ, సిగరెట్ పొగ ఈ అలను మందగింపజేస్తుంది. రాతిపనివాడు పొగ తాగితే నష్టం రెండింతలు కావడానికి ఇదొక కారణం.

ఐదు మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు ఇవన్నీ దాటి వాయుగోణుల దాకా పోతాయి. అక్కడ జిగురు లేదు, కేశాలు లేవు. ఉన్నవి భక్షక కణాలు. ఇవి తిరుగుతూ కంటపడ్డ దుమ్మును, క్రిములను మింగేస్తాయి. మామూలు మట్టిదుమ్మును మింగి చాలావరకు సర్దుకుపోతాయి. రాతిలోని క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా విషయంలో అలా జరగదు. మింగిన రేణువు కణం లోపల జీర్ణరసాల సంచిని చీల్చేస్తుంది. ఆ రసాలు కణాన్నే చంపుతాయి. చచ్చిన కణంలోంచి రేణువు చెక్కుచెదరకుండా బయటపడుతుంది. మరో భక్షక కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. చనిపోతూ ఈ కణాలు విడుదల చేసే రసాయనాలు తంతుకణాలను పిలుస్తాయి. తంతుకణాలకు తెలిసిన పని ఒక్కటే. అవి వచ్చి కొల్లాజెన్ అల్లుతాయి.

చేతి గాయాన్ని పూడ్చింది ఆ కొల్లాజెనే. చేతికి కావలసింది గట్టితనం, ఊపిరితిత్తికి కావలసింది పలుచదనం, సాగుడు. మరమ్మతు చేసే కణాలకు ఆ తేడా తెలియదు. గాయమైతే ఒకసారి పూడ్చి ఆగిపోతాయి, ఇక్కడ రేణువు పోదు కాబట్టి పిలుపు ఆగదు, అల్లిక ఆగదు. పలుచని గోడల మధ్య గట్టి ముడులు పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ముడులు ఒకదానితో ఒకటి కలుస్తాయి. మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం. దీని పేరు సిలికోసిస్. వచ్చాక వెనక్కి మళ్లించే మందు లేదు. పని మానేసినా లోపల చిక్కిన దుమ్ము తన పని తాను చేస్తూనే ఉంటుంది. స్ఫటిక సిలికా దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే చేర్చింది.

బెల్లం తింటే దుమ్ము పోతుందా?

రాతిపనిలో, సిమెంటు పనిలో, పత్తి మిల్లుల్లో ఈ నమ్మకం గట్టిగా ఉంది. కొందరు బెల్లం అంటారు, కొందరు అరటిపండు అంటారు. తిన్నది అన్నవాహికలోంచి కడుపులోకి పోతుంది. పీల్చింది వాయునాళంలోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొంతు దగ్గర ఈ రెండు దారులూ విడిపోతాయి, మింగేటప్పుడు ఉపజిహ్విక అనే మూత వాయునాళాన్ని కప్పేస్తుంది. బెల్లం వాయుగోణుల్లోకి పోయే దారే లేదు. గొంతులో గరగర కాస్త తగ్గుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది, తినడంలో తప్పు లేదు. బెల్లం తిన్నాం కదా అని మాస్కు పక్కన పెడితేనే తప్పు.

తువ్వాలు ముక్కుకు చుట్టుకోవడమూ అంతే. దాని నేత సందుల్లోంచి ఐదు మైక్రాన్ల రేణువు సులువుగా దూరిపోతుంది. పెద్ద రవ్వ ఆగుతుంది, ప్రాణం తీసేది ఆగదు. ముఖానికి సందు లేకుండా అమరే ఎన్95 రకం మాస్కు కావాలి. ఎండాకాలం నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో రోజంతా మాస్కు పెట్టుకోవడం ఎంత కష్టమో తెలుసు. అందుకే మాస్కు ఒక్కదాని మీద భారం వేయకూడదు, దుమ్మునే పుట్టకుండా చూడాలి.

తాతలకు లేని జబ్బు మనవళ్లకు ఎందుకు?

తాతలకు బొత్తిగా లేదని కాదు. ఉలి దెబ్బకు ఎక్కువగా పెళ్లలు, రవ్వలు లేస్తాయి, అవి బరువుకు కిందపడతాయి. గ్రైండర్ బిళ్ల నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతూ రాయిని పొడి చేస్తుంది. ఒక మైక్రాను రేణువు మనిషి ఎత్తు నుంచి కదలని గాలిలో నేలకు దిగాలంటే గంటలు పడుతుంది. అందువల్ల మిషన్ ఆపి, మాస్కు తీసి, అదే షెడ్డులో కూర్చుని సద్ది విప్పుకునే సమయంలో కూడా దుమ్ము గాలిలోనే ఉంటుంది. అన్నం తెచ్చిన ఆడమనిషి, ఆమె వెంట వచ్చిన పిల్లలు కూడా అదే గాలి పీలుస్తారు.

కోసే చోట నీరు పడుతుంటే దుమ్ము లేవకముందే బురదగా జారిపోతుంది. అయితే మామూలు కరెంటు గ్రైండర్ మీద చెంబుతో నీళ్లు పోయడం ప్రాణాపాయం. నీటి గొట్టం అమర్చిన మిషన్, దానికి ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉండాలి. నేల ఊడ్చడం కన్నా కడగడం మేలు.

రాయి జాతిని బట్టి ప్రమాదం మారుతుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ పాలు ఎక్కువ, ఇసుకరాయిలో ఇంకా ఎక్కువ. బేతంచెర్ల, బనగానపల్లె వైపు దొరికే నాపరాయి సున్నపురాయి జాతి, అందులో క్వార్ట్జ్ తక్కువే, కానీ లేకపోలేదు. రంగు చూసి తేల్చుకునే విషయం కాదిది.

సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది. కరెంటు వాడేచోట పదిమంది పనివాళ్లుంటేనే ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ అయ్యేది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో తండ్రీ ఇద్దరు కొడుకులూ పనిచేస్తుంటే అది ఆ లెక్కలోకి వచ్చేది కాదు. ఊపిరితిత్తికి మాత్రం ఆ లెక్కతో పనిలేదు.

డాక్టరుకు ఏం చెప్పాలి?

నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఎక్స్‌రే కోసం కర్నూలు దాకా పోనక్కర్లేదు. చిక్కల్లా ఎక్స్‌రే తీశాక మొదలవుతుంది. సిలికోసిస్ మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలో కనిపిస్తాయి. క్షయ మచ్చలు కనిపించేదీ చాలావరకు అక్కడే. చూడగానే ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడడం తేలిక. పైగా రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. క్షయ క్రిమిని పట్టి చంపాల్సింది భక్షక కణాలే. సిలికా చంపుతున్నదీ వాటినే. అందుకే రాతిదుమ్ము పీల్చినవాళ్లకు క్షయ సోకే ప్రమాదం మామూలువాళ్ల కన్నా ఎక్కువ. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం, చేయించుకోవాలి. క్షయ ఉంటే మందులతో నయమవుతుంది.

పరీక్షలో క్షయ లేదని తేలినా ఆయాసం తగ్గకపోతే అప్పుడు పనికొచ్చేది మీ నోటి మాటే. "కూలిపని చేస్తా సార్" అంటే ఆ డాక్టరుకు ఏమీ తెలియదు. ఎన్నేళ్లుగా రాతిపని, ఏ రాయి, ఉలి పనా మిషన్ పనా, నీళ్లు పెట్టి కోస్తారా పొడిగా కోస్తారా, షెడ్డుకు ఎన్ని వైపుల గాలి వస్తుంది, పక్కన పనిచేసేవాళ్లలో ఇంకెవరికైనా దగ్గు ఉందా, ఇవన్నీ చెప్పాలి. పాత ఎక్స్‌రేలుంటే పారేయకుండా తీసుకెళ్లాలి. రెండేళ్ల నాటి ఫిల్మును ఈరోజు ఫిల్ము పక్కన పెట్టి చూస్తే ముడులు పెరిగాయో లేదో డాక్టరుకు అక్కడికక్కడే తెలుస్తుంది.